వ్యాసంలో సోర్సులు ఎలా కలపాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అకడమిక్ వ్యాసాలు రాసేవాళ్ల పక్కన కూర్చుని డ్రాఫ్టులు చూడటం నా పని. ఏటా విద్యార్థులు మారతారు, సందేహాలు మాత్రం అవే వస్తుంటాయి. సోర్సులు దొరకక ఇబ్బంది పడేవాళ్లు తక్కువ. దొరికినవాటిని తమ వాదనలో ఎలా కలపాలో తెలియక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఆ ప్రశ్నల్ని ఇక్కడ పని జరిగే దశలవారీగా పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. చాలా ఉదాహరణలు ఒకే సంఘటన నుంచి తీసుకున్నాను: 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల వ్యాపించిన కలరా, అక్కడి నీళ్ల పంపును అనుమానించిన డాక్టర్ జాన్ స్నో.

## చదివే దశ

రాయడం మొదలుపెట్టే ముందే సోర్సులన్నీ చదివేయాలా?

అక్కర్లేదు. అన్నీ చదివాకే రాస్తానని కూర్చుంటే చదువుతూనే ఉంటారు. రెండు మూడు మంచి సోర్సులు చదివి ఆగండి. మీ ప్రశ్నకు ప్రస్తుతానికి మీకు తోచిన జవాబును నాలుగు వాక్యాల్లో రాయండి, తప్పయినా పర్వాలేదు. ఆ తర్వాత చదివే ప్రతి సోర్సునూ ఆ జవాబుతో పోల్చి చూడగలుగుతారు: ఇది నన్ను బలపరుస్తోందా, కాదంటోందా, నేను చూడనిది చూపిస్తోందా అని. చేతిలో సొంత జవాబు లేకుండా చదివితే ప్రతి పేజీ ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది, అన్నీ నోట్సులోకి ఎక్కేస్తాయి.

నోట్స్ చూస్తే ఏది రచయిత మాటో, ఏది నా మాటో తెలియట్లేదు. ఎలా?

కావాలని కాపీ కొట్టనివాళ్లు కూడా కాపీ చేసినట్టు తేలడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. మూడు వారాల క్రితం నోట్సులోకి ఎక్కించుకున్న వాక్యం ఇవాళ మన సొంత వాక్యంలా కనిపిస్తుంది. అందుకే రాసుకునేటప్పుడే గుర్తులు పెట్టండి. మాట మార్చకుండా ఎక్కించుకుంటే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు. మీ మాటల్లో రాసుకుంటే పేజీ నంబరు మాత్రం. చదువుతుంటే మీకు కలిగిన ఆలోచన అయితే ముందు “నేను:” అని రాయండి, లేదా వేరే రంగు వాడండి. పేజీ నంబరు ఆ క్షణంలోనే రాసుకోండి. తర్వాత వెతుక్కోవడంలో పోయే టైమ్ ఇంతా అంతా కాదు.

ఇప్పటికే నోట్స్ కలిసిపోయి ఉంటే అనుమానం ఉన్న ప్రతి వాక్యాన్నీ మూలంతో పోల్చి చూడాలి. విసుగు పనే, కానీ వేరే దారి లేదు.

ఒక సోర్స్ నమ్మదగినదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఎవరు రాశారు, ఆ విషయంలో వాళ్లకున్న పరిచయం ఏమిటి, అచ్చు కాకముందు ఆ రంగంలోని ఇతర నిపుణులు పరిశీలించారా, చెప్పినదానికి ఆధారాలు చూపించారా అన్నవి మొదట చూడండి. అయితే పెద్ద జర్నల్‌లో వచ్చిందన్న ఒక్క కారణం చాలదు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న అనుమానాన్ని లేవదీసిన పేపర్ 1998లో లాన్సెట్‌లో అచ్చయింది. 2010లో ఆ జర్నల్ దాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంది. ఆ 12 ఏళ్లలో దాన్ని ఉదహరించినవాళ్లు ఎందరో. మీరు ఆధారపడే ముఖ్యమైన పేపర్లను జర్నల్ సైట్‌లో తెరిచి, ఉపసంహరణ లేదా సవరణ నోటీసు ఉందేమో చూడండి. రెండు నిమిషాల పని.

వికీపీడియా వాడొచ్చా?

మొదటి పరిచయానికి, పదాల అర్థానికి, కింద ఉన్న రిఫరెన్సుల కోసం నిరభ్యంతరంగా వాడండి. ఆ రిఫరెన్సులు తెరిచి చదివి వాటినే ఉదహరించండి. వికీపీడియా పేజీనే ఆధారంగా చూపితే చాలామంది అధ్యాపకులు ఒప్పుకోరు. ఆ పేజీ రేపు మారిపోవచ్చు కూడా.

ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు పెట్టేయొచ్చా?

మీ కళ్లతో మూలాన్ని చూడకుండా ఒక్కటి కూడా పెట్టకండి. చాట్‌బాట్‌లు లేని పేపర్లను ఉన్నట్టే చూపగలవు: నమ్మించే శీర్షిక, నిజమైన రచయితల పేర్లు, సంపుటి నంబరుతో సహా. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన కేసుల్ని నిజమైన తీర్పులనుకుని కోర్టుకు సమర్పించారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. పేపర్ నిజంగానే ఉన్నా, అది చాట్‌బాట్ చెప్పిన మాటే చెబుతోందన్న గ్యారంటీ లేదు. అలాగే మీ సంస్థలో ఏఐ వాడకం మీద నియమాలు ఏమున్నాయో ముందే కనుక్కోండి.

అసలు పుస్తకం దొరకలేదు. వేరేవాళ్ల వ్యాసంలో ఉన్న కొటేషన్ తీసుకోవచ్చా?

ముందు అసలుది దొరుకుతుందేమో గట్టిగా ప్రయత్నించండి. లైబ్రరీ సిబ్బందిని అడగండి, చాలా తెప్పించి ఇస్తారు. నిజంగా దొరకకపోతే “ఫలానావారి వ్యాసంలో ఉదహరించినట్టు” అని స్పష్టంగా రాసి, మీరు చదివిన వ్యాసాన్నే రిఫరెన్సుల్లో పెట్టండి. చదవనిదాన్ని చదివినట్టు చూపడం అబద్ధమే అవుతుంది.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. పాలకూరలో ఇనుము గురించి ఒక కథ చాలాకాలం తిరిగింది: 19వ శతాబ్దంలో ఎవరో దశాంశ బిందువు తప్పు చోట పెట్టడంతో ఇనుము 10 రెట్లు ఎక్కువగా నమోదైందని. ఒకరిని చూసి ఒకరు, విద్వాంసులు కూడా, పొరపాట్లు ఎలా పాకుతాయో చూపడానికి ఈ కథనే చెప్పారు. మూలం దాకా వెతికినవాళ్లకు ఆ దశాంశ బిందువు కథకే ఆధారం దొరకలేదు.

## ఎంచుకునే దశ

మొత్తం ఎన్ని సోర్సులు ఉండాలి?

అసైన్‌మెంట్‌లో సంఖ్య ఇస్తే అది కనీసం అనుకోండి. ఇవ్వకపోతే సంఖ్య గురించి టెన్షన్ వద్దు, ప్రతి సోర్స్ మీ వ్యాసంలో ఏం పని చేస్తోందో అడగండి. వ్యాసరచన బోధన మీద పనిచేసిన జోసెఫ్ బిజప్ 2008లో సోర్సుల పనిని నాలుగు రకాలుగా విడదీశారు. నేపథ్యం చెప్పేవి, మీరు విశ్లేషించే సామగ్రి, మీరు ఏకీభవించే లేదా ఎదిరించే వాదనలు, మీరు చూసే పద్ధతిని ఇచ్చేవి. కలరా వ్యాసంలోనైతే ఆనాటి లండన్ పారిశుధ్యం మీద వచ్చిన చరిత్ర పుస్తకం నేపథ్యం. స్నో రాతలు, మరణాల లెక్కలు సామగ్రి. స్నో ప్రాధాన్యాన్ని ప్రశ్నించిన ఇటీవలి చరిత్రకారుల వ్యాసం వాదన.

మీ జాబితాకు ఈ పరీక్ష పెడితే విషయం వెంటనే తెలుస్తుంది. బలహీనమైన డ్రాఫ్టుల్లో నాకు కనిపించేది దాదాపు అన్నీ నేపథ్యమే కావడం. 15 సోర్సులు ఉంటాయి, వాదించడానికి ఒక్కరూ ఉండరు.

రెండు సోర్సులు ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నాయి. ఏది వదిలేయాలి?

ఏదీ వదలకండి. మీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. బ్రాడ్ స్ట్రీట్ కథనే తీసుకోండి. జనంలో ప్రచారంలో ఉన్న కథ ప్రకారం స్నో మ్యాప్ గీశాడు, దాన్ని చూపించి పంపు హ్యాండిల్ తీయించాడు, కలరా ఆగిపోయింది. కానీ హ్యాండిల్ తీసింది 1854 సెప్టెంబర్ 8న. ప్రసిద్ధమైన ఆ మ్యాప్ తయారైంది ఆ తర్వాత. 1855లో అచ్చయిన తన పుస్తకంలో స్నోనే ఒప్పుకున్నాడు, హ్యాండిల్ తీసేనాటికే కేసులు బాగా తగ్గాయని.

ఇప్పుడు ఒకదాన్ని దాచేస్తే వ్యాసం చప్పబడుతుంది. రెండూ పక్కపక్కన పెడితే మంచి ప్రశ్న పుడుతుంది: మరి మ్యాప్ కథ ఎందుకు అంత బలంగా నిలిచిపోయింది? సోర్సులు విభేదించినప్పుడు అవి వాడిన ఆధారాలు వేరా, ఒక పదానికి ఇచ్చిన అర్థం వేరా, రాసిన కాలం వేరా అని చూడండి. ఆ తేడాను పాఠకుడికి వివరించి, మీకు ఏది ఎందుకు బలంగా అనిపించిందో చెప్పండి.

## రాసే దశ

కొటేషన్ ఎప్పుడు, సొంత మాటల్లో ఎప్పుడు, సారాంశం ఎప్పుడు?

రచయిత వాడిన మాటల మీదే మీకు పని ఉంటే కొటేషన్. అంటే ఒక నిర్వచనం, ఒక చట్టంలోని వాక్యం, మీరు విశ్లేషించబోయే కవిత పాదం, లేదా మీరు ఖండించబోయే వాదన. వాళ్ల మాటను వక్రీకరించారన్న అనుమానం రాకూడదు కదా. విషయం మాత్రమే కావాలంటే సొంత మాటల్లో రాయండి. పది పేజీల వాదన అంతా మీకు ఒక మెట్టుగా చాలు అనుకుంటే రెండు వాక్యాల సారాంశం. మూడింటికీ సైటేషన్, అంటే ఎక్కడి నుంచి తీసుకున్నారో చూపడం, తప్పనిసరి. అనుమానం వస్తే నేనైతే సొంత మాటల వైపే మొగ్గుతాను, ఎందుకంటే అర్థం కాకుండా అది రాయలేం.

మాటలన్నీ మార్చి రాశాను, సైటేషన్ కూడా పెట్టాను. అయినా కాపీ అన్నారు. ఎందుకు?

బహుశా మాటలు మారాయి, వాక్యం మారలేదు. ఉదాహరణ కోసం నేను రాసిన ఈ వాక్యం చూడండి:

“పంపు హ్యాండిల్ తీసేసే నాటికే ఆ ప్రాంతంలో కొత్త కేసులు బాగా తగ్గాయి, భయంతో జనం ఇళ్లు వదిలి వెళ్లిపోవడం అందుకు ముఖ్య కారణం.”

దీన్ని చాలామంది ఇలా మారుస్తారు:

“పంపు పిడిని తొలగించే సమయానికే ఆ పరిసరాల్లో తాజా కేసులు గణనీయంగా క్షీణించాయి; భీతితో ప్రజలు నివాసాలు విడిచిపోవడం దానికి ప్రధాన హేతువు.”

ప్రతి మాటకూ పర్యాయపదం వచ్చింది. వరుస అదే, విరుపు అదే, కామా ఉన్న చోటే సెమీకోలన్ వచ్చింది. పైగా తెలుగు బరువెక్కింది. వ్యాసరచన మీద పరిశోధన చేసిన రెబెకా మూర్ హోవర్డ్ 1990లలో ఇలాంటి రాతను ప్యాచ్‌రైటింగ్ అన్నారు, మన అతుకుల బొంత లాంటిదే. విషయం ఇంకా పూర్తిగా పట్టుబడని దశలో రాసేవాళ్లు ఇలా చేయడం సహజమన్నది ఆమె వాదన. నా అనుభవమూ అదే. మోసం చేయాలని కాదు, అర్థం కాకుండా రాయడం వల్ల జరుగుతుంది. కానీ దిద్దేవాళ్లు ఉద్దేశం చూడలేరు, పేజీనే చూస్తారు.

పుస్తకం మూసేయండి. ఆ విషయం తెలియని స్నేహితుడికి చెబుతున్నట్టు నోటితో చెప్పండి. చెప్పిందే రాయండి:

“కలరా తగ్గిన ఘనత అంతా హ్యాండిల్ తీయడానికే కట్టబెట్టలేం. జనం పారిపోవడంతో రోగం అంతకు ముందే వెనక్కి తగ్గింది.”

ఆ తర్వాత పుస్తకం తెరిచి రెండు విషయాలు చూడండి: అర్థం చెడిందా, ఏదైనా పదబంధం యథాతథంగా వచ్చేసిందా. చివర సైటేషన్ పెట్టండి.

“కొటేషన్ ఊడిపడినట్టు ఉంది” అని రాశారు. అంటే ఏమిటి?

ముందు పరిచయం లేదు, తర్వాత వివరణ లేదు. మీ వాక్యం అయిపోయింది, హఠాత్తుగా కొటేషన్ గుర్తుల మధ్య ఎవరిదో గొంతు వినిపించింది, మళ్లీ మీరు వేరే విషయానికి వెళ్లిపోయారు. పాఠకుడికి అది ఎవరన్నారో, ఎందుకు విన్నాడో తెలియదు.

మాట్లాడేటప్పుడు తెలుగులో మనం ఈ పరిచయాన్ని ఒక చిన్న ప్రత్యయంతో చేసేస్తాం. “వాన పడుతోంది” అంటే నేను చూశాను. “వాన పడుతోందట” అంటే ఎవరో చెప్పగా విన్నాను. ఆ “అట” ఎంత పని చేస్తోందో చూడండి. వ్యాసంలో ఆ పనిని పరిచయ వాక్యం చేయాలి, ఇంకాస్త ఎక్కువ చేయాలి: ఎవరు, ఏ సందర్భంలో, ఏ అర్హతతో అన్నారో చెప్పాలి. “స్నో సిద్ధాంతాన్ని మొదట నమ్మని, ఆ ప్రాంతపు చర్చి గురువు హెన్రీ వైట్‌హెడ్ ఇంటింటికీ తిరిగి విచారించాక...” అని మొదలుపెడితే తర్వాత వచ్చే మాటకు బరువు దానంతటదే వస్తుంది. నమ్మనివాడే నమ్మాడన్నమాట.

తర్వాతి సగం ఇంకా ముఖ్యం. కొటేషన్ అయ్యాక కనీసం ఒకటి రెండు వాక్యాలు మీవి ఉండాలి. కొటేషన్‌లో ఉన్నదే మళ్లీ చెప్పడం వివరణ కాదు. అందులో ఏ మాట ముఖ్యమో, అది మీ వాదనను ఎటు నడిపిస్తోందో చెప్పాలి.

ప్రతిసారీ “అన్నారు” అనే రాస్తున్నాను. వేరే మాటలు ఏమున్నాయి?

చాలా ఉన్నాయి, కానీ వైవిధ్యం కోసం మార్చకండి. ప్రతి క్రియా మీ వైఖరిని బయటపెడుతుంది. “నిరూపించారు” అంటే మీరూ ఒప్పుకున్నట్టే. “వాదించారు” అంటే ఇంకో పక్షం ఉందని గుర్తుచేసినట్టు. “ఒప్పుకున్నారు” అంటే తమకు అనుకూలం కాని విషయం చెప్పారని. “సూచించారు” అంటే గట్టిగా తేల్చలేదని. సోర్స్ “సంబంధం కనిపించింది” అని జాగ్రత్తగా రాస్తే మీరు “కారణమని నిరూపించారు” అని రాయడం పెద్ద తప్పు. ఆ తప్పు నేను తరచూ చూస్తాను. “అన్నారు” సరిపోయిన చోట దాన్నే ఉంచండి, ఏ ఇబ్బందీ లేదు.

“మీ గొంతు వినిపించట్లేదు” అంటున్నారు. విద్యార్థిని, నాకేం అధికారం ఉంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు చాలా గౌరవం. వినయం వల్ల వచ్చే ప్రశ్న ఇది. అయితే గొంతు అంటే పెద్దవాళ్లను తప్పు పట్టడమే అనుకోకండి. ఏ సోర్సును ఏ సోర్సు పక్కన పెట్టాలో నిర్ణయించడం, వాటి మధ్య సంబంధం చెప్పడం, ఒక ఆధారం ఎంతవరకే పనికొస్తుందో చెప్పడం, ఇవన్నీ మీ గొంతే. ఆ సోర్సులు రాసినవాళ్లు మీ ప్రశ్నను ఎదురుగా పెట్టుకుని రాయలేదు. ఆ ప్రశ్న మీది.

డ్రాఫ్ట్‌ను ప్రింట్ తీసి, సోర్సుల నుంచి వచ్చిన ప్రతి వాక్యానికీ రంగు వేయండి. పేరా మొత్తం రంగుమయం అయితే అక్కడ మీరు లేరు. పేరా మొదటి వాక్యం, చివరి వాక్యం రంగు లేకుండా ఉండేలా చూడండి. “స్నో 1855లో ఇలా రాశాడు” అని మొదలయ్యే పేరా ఆయనకు సంబంధించినది అయిపోతుంది. “హ్యాండిల్ తీయడం వల్ల కలరా ఆగిందన్న కథ స్నో సొంత రాతల ముందే నిలబడదు” అని మొదలైతే పేరా మీది, స్నో మీకు సాక్షి.

ఒకే పేరాలో ఇద్దరు ముగ్గురు రచయితలను ఎలా పెట్టాలి?

పేరాను రచయిత పేరుతో కాకుండా విషయంతో కట్టండి. మొదట మీ అంశం చెప్పండి, తర్వాత దాని మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూపండి. ఒకరితో ఇంకొకరు మాట్లాడుకుంటున్నట్టు ఉండాలి: “దీన్నే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లి”, “ఆధారం అదే అయినా వేరే ముగింపుకు వచ్చి” లాంటి మాటలు ఆ పని చేస్తాయి. “ఇంకా”, “అలాగే” మాత్రమే కనిపిస్తుంటే మీరు ఇంకా జాబితాలోనే ఉన్నారని అర్థం.

కొటేషన్ మధ్యలో మాటలు తీసేయొచ్చా, మార్చొచ్చా?

తీసిన చోట మూడు చుక్కలు, మీరు చేర్చిన లేదా మార్చిన మాటకు చతురస్ర బ్రాకెట్లు పెట్టాలి. తీసివేత వల్ల అర్థం మారకూడదు. “ఈ మందు కొందరిలో మాత్రమే పనిచేసింది” అన్న వాక్యంలోంచి “కొందరిలో మాత్రమే” తీసి చుక్కలు పెడితే, నియమం పాటించినట్టే కనిపిస్తుంది కానీ అది మోసం.

పొడవైన కొటేషన్‌ను ఎలా చూపాలి?

కొటేషన్ గుర్తులు లేకుండా, ఎడమ అంచు నుంచి జరిపి, వేరే పేరాగా. ఎంత పొడవుకు ఇలా చేయాలన్నది సైటేషన్ శైలిని బట్టి ఉంటుంది. ఏపీఏ శైలిలో 40 పదాలు, అంతకు మించితే ఇలా పెట్టాలి. ఎంఎల్‌ఏలో వచనం నాలుగు పంక్తులు దాటితే, కవిత్వం మూడు పంక్తులు దాటితే. షికాగోలో సుమారు 100 పదాలు దాటితే. చిన్న వ్యాసంలో ఇలాంటివి ఒకటికి మించి ఉంటే నాకు అనుమానం వస్తుంది.

సోర్స్ ఒక భాషలో, నా వ్యాసం ఇంకో భాషలో ఉంది. నేనే అనువదించవచ్చా?

అనువదించండి, “అనువాదం నాది” అని చెప్పండి. మీ అనువాదం మూల రచయిత అక్షరాలా అన్న మాట కాదని పాఠకుడికి తెలియాలి. ఒక పదం మీదే వాదన నిలబడితే మూల పదాన్ని కూడా చూపండి. అనువదించాం కాబట్టి ఇక సొంత మాటే, సైటేషన్ అక్కర్లేదు అనుకోవడం పొరపాటు.

## సైటేషన్ దశ

ప్రతి వాక్యానికీ సైటేషన్ పెట్టాలా?

అందరికీ తెలిసిన, వివాదం లేని విషయానికి అక్కర్లేదు. నీళ్ల ద్వారా కలరా వ్యాపిస్తుందని చెప్పడానికి ఇవాళ సైటేషన్ వద్దు. 1854లో ఫలానా వీధిలో ఎంతమంది పోయారన్న అంకెకు కావాలి. వరుసగా మూడు వాక్యాలు ఒకే సోర్స్ నుంచి వస్తే పేరా చివర ఒకే బ్రాకెట్ పడేసి ఊరుకోకండి. మొదటి వాక్యంలోనే రచయిత పేరు చెప్పి, “ఆయన లెక్క ప్రకారం”, “అదే పుస్తకంలో” అంటూ నడిపిస్తే, ఆయన మాట ఎక్కడ ఆగి మీ మాట ఎక్కడ మొదలైందో స్పష్టంగా ఉంటుంది. అనుమానం వచ్చిన చోట పెట్టేయండి.

ఏపీఏ, ఎంఎల్‌ఏ, షికాగో... ఏది వాడాలి?

మీ విభాగం ఏది చెబితే అది. చెప్పకపోతే అడగండి. ఏ కూర్పు కావాలో కూడా చూసుకోండి: ఏపీఏ ఏడో కూర్పు 2019లో, ఎంఎల్‌ఏ తొమ్మిదోది 2021లో, షికాగో 18వది 2024లో వచ్చాయి. తేడా ఎందుకో అర్థమైతే బట్టీ పట్టక్కర్లేదు. ఏపీఏ సామాజిక శాస్త్రాలకు ఎక్కువగా వాడతారు, అక్కడ పరిశోధన ఎంత కొత్తదో ముఖ్యం, అందుకే పేరు పక్కనే సంవత్సరం. ఎంఎల్‌ఏ సాహిత్యానికి, అక్కడ ఏ పేజీలో ఉందో ముఖ్యం. చరిత్రకారులు షికాగో ఫుట్‌నోట్లను ఇష్టపడతారు, పాత పత్రాల వివరాలు బ్రాకెట్లలో పట్టవు కాబట్టి.

సోర్సుల వివరాలు దాచి రిఫరెన్సుల జాబితా తయారుచేసే జొటెరో లాంటి టూల్ వాడితే సరిపోతుందా?

సగం శ్రమ తగ్గుతుంది. కానీ టూల్‌కు అందిన వివరాల్లో తప్పుంటే జాబితాలోనూ తప్పే వస్తుంది. పేర్లు తారుమారు కావడం, సంవత్సరం లేకపోవడం, శీర్షిక మొత్తం పెద్ద అక్షరాల్లో రావడం నాకు తరచూ కనిపిస్తాయి. సేవ్ చేసిన రోజే ఒక్కసారి సరిచూడండి.

## డ్రాఫ్ట్ పూర్తయ్యాక

సిమిలారిటీ రిపోర్ట్‌లో 22 శాతం వచ్చింది. దొరికిపోయినట్టేనా?

ఆ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఇతర రాతలతో ఎంత భాగం కలిసిందో చెబుతుంది, అది కాపీయో కాదో చెప్పదు. రిఫరెన్సుల జాబితా, సరిగ్గా గుర్తులు పెట్టిన కొటేషన్లు, ప్రశ్నపత్రంలోని వాక్యాలు కూడా అందులో లెక్కకు రావచ్చు. మరోవైపు 4 శాతం వచ్చిన వ్యాసంలో ఒక పేరా మొత్తం ఎత్తిపెట్టింది ఉండొచ్చు. మీ సంస్థకు పరిమితి ఉంటే దాన్ని పాటించాల్సిందే. కానీ రిపోర్ట్ తెరిచి రంగు పడిన ప్రతి చోటా చూడండి: కొటేషన్ గుర్తులు ఉన్నాయా, సైటేషన్ ఉందా, వాక్య నిర్మాణం మీదేనా. అంకె తగ్గించడానికి పర్యాయపదాలు గుప్పించడం మాత్రం వద్దు. వ్యాసం పాడవుతుంది, తప్పు అలాగే ఉంటుంది.

రేపే సబ్మిషన్. ఈ రాత్రికి ఏం సరిచేయగలను?

మొదట వ్యాసంలోని ప్రతి పేరు రిఫరెన్సుల జాబితాలో ఉందో, జాబితాలోని ప్రతి పేరు వ్యాసంలో ఉందో టిక్కు పెట్టుకుంటూ చూడండి. తర్వాత కొటేషన్లన్నీ మూలంతో అక్షరం అక్షరం పోల్చండి. ఇంకా టైమ్ ఉంటే ప్రతి కొటేషన్ కింద మీ వాక్యం ఉందో చూసి, లేనిచోట ఒకటి రాయండి. రాయడానికి ఏమీ తోచకపోతే ఆ కొటేషన్ తీసేయండి.